క్వార్టర్‌బ్యాక్ పాస్ లైన్ దగ్గరే ఎందుకు పడిపోతుంది? ఆట చూస్తూ కారణం పట్టుకోవడం ఎలా?

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) ఆట నడుస్తుంటుంది, క్వార్టర్‌బ్యాక్ (జట్టులో పాసులు విసిరేవాడు) బంతి విసురుతాడు, అది లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే గీత) కూడా దాటకముందే ఎదుటి జట్టు లైన్‌మన్ (ఆ గీత దగ్గర ముందు వరసలో ఉండేవాడు) చెయ్యి తగిలి నేల మీద పడుతుంది. వెంటనే సోఫాలో ఎవరో ఒకరు "పొట్టివాడు కదా, ఇంకేం చేస్తాడు" అనేస్తారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. చాలాసార్లు అది తప్పు, పైగా ఆ ఒక్క మాటతో మైదానంలో నిజంగా జరిగింది చూడటం ఆపేస్తాం. ఆట చూస్తూ అసలు కారణం పట్టుకోవడం ఎలాగో, మీ పిల్లలు క్వార్టర్‌బ్యాక్ ఆడుతుంటే ఇలాంటివి తగ్గించుకోవడం ఎలాగో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం. క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ ఎత్తు 6 అడుగులు. 2020 సీజన్ తర్వాత రిటైర్ అయ్యేనాటికి అతని పాసింగ్ యార్డులు (పాసులతో జట్టు ముందుకెళ్లిన దూరం) 80,358, అప్పటికి అదే లీగ్ రికార్డు. రస్సెల్ విల్సన్ 5 అడుగుల 11 అంగుళాలు ఉంటాడు, 2014 ఫిబ్రవరిలో సియాటిల్ జట్టు డెన్వర్‌ని 43-8తో ఓడించి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ అతనే. మరోవైపు 6 అడుగుల 6 అంగుళాల జస్టిన్ హెర్బర్ట్ పాసులు కూడా లైన్ దగ్గర చేతులకి తగిలి పడ్డాయి. ఎత్తే కారణమైతే ఇలా జరగకూడదు.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. 6 అడుగుల క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి దాదాపు 7 అడుగుల ఎత్తులో బయటికి వస్తుంది. ఎదురుగా 6 అడుగుల 5 అంగుళాల లైన్‌మన్, 33, 34 అంగుళాల పొడవు చేతులు. ఊరికే నిలబడి చేతులెత్తినా ఎనిమిదిన్నర అడుగుల దాకా అందుతాడు, కాస్త ఎగిరితే 10 అడుగులు. క్వార్టర్‌బ్యాక్ అరడుగు పొడుగైనా బంతి బయటికొచ్చేది ఏడున్నర అడుగుల దగ్గరే, ఇంకా రెండున్నర అడుగులు తక్కువే కదా. అంటే నేరుగా విసిరితే ఎవరి బంతి అయినా ఆ చేతికి అందుతుంది.

మరి పైనుంచి విసరొచ్చు కదా అనిపిస్తుంది. ఆ లైన్‌మన్ 5 యార్డుల దూరంలో, అంటే 15 అడుగుల దూరంలో ఉన్నాడనుకోండి. బంతి గంటకి 50 మైళ్ల వేగంతో వెళ్తోందనుకోండి. 10 అడుగుల ఎత్తు చేతులు దాటాలంటే దాదాపు 14 డిగ్రీల వాలుతో పైకి విసరాలి. అలా విసిరితే, లైన్‌కి 8 యార్డుల అవతల స్లాంట్ (లోపలివైపుకి ఏటవాలు దారి) పరిగెడుతున్న రిసీవర్ (పాస్ పట్టుకునేవాడు) దగ్గరికి వచ్చేసరికి బంతి దాదాపు 12 అడుగుల ఎత్తులో ఉంటుంది. అతను ఎగిరినా అందదు, వెనకనున్న సేఫ్టీకి (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడేవాడికి) పండగ. వేగం తగ్గించి మెల్లగా ఎత్తేస్తే రిసీవర్‌కి అందుతుందేమో కానీ ఆ లోపు లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో లైన్‌మెన్ వెనక ఉండేవాడు) వచ్చి నిలబడతాడు. అందుకే చిన్న పాసులు ఎవరూ లైన్‌మెన్ తలల మీదుగా విసరరు, వాళ్ల మధ్య ఉన్న సందుల్లోంచి విసురుతారు. పొడుగు క్వార్టర్‌బ్యాక్ అయినా అంతే. బంతి పడిపోయిందంటే ముందు అడగాల్సింది ఆ సందు ఎందుకు మూసుకుపోయిందని.

ఇంకో లెక్క కూడా ఉంది, నాకు ఇదే అసలైనది అనిపిస్తుంది. 50 మైళ్ల వేగంతో వెళ్లే బంతి ఆ 15 అడుగులు దాటడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి పట్టే సమయం కూడా దాదాపు అంతే. అంటే బంతి గాల్లోకి వచ్చాక చూసి చెయ్యెత్తితే ఆలస్యమైపోయినట్టే. లైన్‌మన్ బంతిని చూసి కొట్టట్లేదు, బంతి రాకముందే క్వార్టర్‌బ్యాక్ శరీరం చెప్పేస్తున్నదాన్ని చూసి కొడుతున్నాడు. మన ఊళ్లలో వాలీబాల్ ఆడినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది, మంచి బ్లాకర్ బంతిని చూస్తూ ఎగరడు, స్మాష్ కొట్టేవాడి భుజం చూసి ఎగురుతాడు.

ఇక్కడ చూడాల్సింది క్వార్టర్‌బ్యాక్ రెండో చెయ్యి. పాకెట్లో (సొంత లైన్‌మెన్ కాపాడే చోట) నిలబడినంతసేపూ బంతి రెండు చేతుల్లో ఉంటుంది. విసరడానికి ముందు ఎడమ చెయ్యి బంతిని వదిలేస్తుంది (కుడిచేతి వాటం వాళ్లకి). ఆ క్షణం నుంచి బంతి బయటికి రావడానికి అర సెకను కన్నా తక్కువే పడుతుంది, కానీ లైన్‌మన్‌కి అది చాలు. ఆ చెయ్యి విడిపోగానే చేతులెత్తమని లైన్‌మెన్‌కి కోచ్‌లు నేర్పిస్తారు.

సరే, ఇప్పుడు టీవీ ముందు ఏం చేయాలో చూద్దాం. పాస్ పడిపోగానే రీప్లే కోసం ఆగండి, అదీ పక్కనుంచి చూపించేది కాదు, క్వార్టర్‌బ్యాక్ వెనకనుంచి చూపించే కెమెరాది. పక్క కెమెరాలో సందులు కనపడవు, బంతి ఎవరికో తగిలినట్టు మాత్రమే తెలుస్తుంది. వెనక కెమెరాలో సొంత జట్టు లైన్‌మెన్ అయిదుగురి వీపులు, వాళ్ల మధ్య ఖాళీలు, ఎత్తిన చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో అన్నీ కనపడతాయి. రికార్డింగ్ ఉంటే ఆపి ఆపి చూడండి.

మొదట బంతి కొట్టినవాడి పాదాలు చూడండి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది ఒక్కటి గుర్తుంటే సగం కారణాలు మీకే తెలిసిపోతాయి. అతను పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టాడా, లేక మధ్యలోనే ఆగిపోయి నిలబడి కొట్టాడా? ఆగిపోయి కొట్టాడంటే, క్వార్టర్‌బ్యాక్‌ని ఎలాగూ పట్టుకోలేనని ముందే నిర్ణయించుకున్నాడన్నమాట. బంతి తొందరగా వెళ్లే పాస్ అని అతనికి తెలిసిపోయింది. మూడు అంగల డ్రాప్ (బంతి అందాక మూడు అంగలు వెనక్కి వేసి విసరడం), షాట్‌గన్‌లో (ముందే కొంచెం వెనక నిలబడి బంతి అందుకోవడం) ఒక అంగ డ్రాప్, స్లాంట్, హిచ్ (రిసీవర్ కాస్త పరిగెత్తి ఆగి వెనక్కి తిరగడం), ఇవన్నీ ఇలాంటివే. రెండు సెకన్లలో బంతి వెళ్లిపోతుంటే ఎంత గొప్ప పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు) అయినా శాక్ చేయలేడు (బంతి విసరకముందే అతన్ని పడేయలేడు), కానీ నిలబడి చేతులెత్తగలడు. ఒక జట్టు వరసగా ఇలాంటి పాసులే వేస్తుంటే మూడో క్వార్టర్ వచ్చేసరికి లైన్‌మెన్ పరిగెత్తడం మానేసి చేతులెత్తడానికే సిద్ధపడతారు. అప్పుడు పడిపోయే పాసుల్లో పెద్ద తప్పు ఏ పాస్ వేయాలో చెప్పే కోచ్‌ది, క్వార్టర్‌బ్యాక్‌ది కాదు.

ఇక్కడే పొట్టి క్వార్టర్‌బ్యాక్‌ల మీద పడే అపవాదు కూడా కొంత అర్థమవుతుంది. కైలర్ ముర్రే, బ్రైస్ యంగ్ ఇద్దరూ 5 అడుగుల 10 అంగుళాల పైన కొంచెం ఉంటారు, ఇద్దరూ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) మొదటి పిక్, ఒకరు 2019లో, ఒకరు 2023లో. ముర్రేలాగా, విల్సన్‌లాగా పాకెట్ వదిలి పరిగెత్తగలవాళ్ల మీద డిఫెన్స్ జాగ్రత్తగా వస్తుంది, అతన్ని దాటి వెళ్లిపోవద్దు, మీ మీ దారుల్లో నిలబడి పాకెట్‌లోనే బిగించి ఉంచండి అని లైన్‌మెన్‌కి చెప్తారు. అలా ఎవరి సందులో వాళ్లు నిలబడి చేతులెత్తితే పాసులు తగలక ఏం చేస్తాయి? అది అతని కాళ్లకి భయపడి వేసిన పథకం, చూసేవాళ్లకి మాత్రం ఎత్తు లోపంలా కనపడుతుంది. ఎత్తుకి అసలు సంబంధమే లేదని అనడం లేదు. పొట్టివాడికి ముందున్న 6 అడుగుల 5 అంగుళాల సొంత లైన్‌మెన్ అడ్డొస్తారు, రిసీవర్ కనపడేదాకా ఒక్క క్షణం ఎక్కువ ఆగాల్సి వస్తుంది, ఆ క్షణంలో సందు మూసుకుపోవచ్చు. కానీ అది చూపుకి సంబంధించిన కష్టం. దాన్ని పక్కకి జరిగి దాటొచ్చు, బ్రీస్ కెరీర్ అంతా చేసింది అదే.

పాదాల తర్వాత క్వార్టర్‌బ్యాక్ తల చూడండి. స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి ఇచ్చే బంతి) అందిన దగ్గరనుంచి విసిరేదాకా ఒకేవైపు చూస్తూ ఉన్నాడా? అలా చూస్తే సేఫ్టీకే కాదు, లైన్‌మన్‌కి కూడా ఏ సందులో నిలబడాలో చెప్పేసినట్టే. కళ్లు ఎటు ఉంటే భుజాలు అటు తిరుగుతాయి, భుజాలు ఎటు ఉంటే బంతి అటే వస్తుంది. కొత్తగా లీగ్‌లోకి వచ్చినవాళ్లకి మొదటి రిసీవర్ మీదే కళ్లు అతుక్కుపోవడం ఎక్కువ, అదొక కారణంగా వాళ్ల పాసులు తగులుతుంటాయి.

ఆ తర్వాత సొంత జట్టు లైన్‌మెన్ చేతులు చూడాలి, ఇది చాలామంది పట్టించుకోరు. పాస్ బ్లాకింగ్ అంటే ఎదుటివాడిని ఆపడం ఒక్కటే కాదు, అతని చేతులు కిందే ఉండేలా చూడటం కూడా. ఛాతీ మీద గట్టిగా గుద్ది పట్టుకుంటే అతను తన చేతులతో వాటిని విడిపించుకునే పనిలో ఉంటాడు, పైకి ఎత్తే తీరిక ఉండదు. బ్లాకర్ ఊరికే అడ్డం నిలబడి వెనక్కి జరుగుతుంటే మాత్రం ఎదుటివాడి రెండు చేతులూ ఖాళీ. తొందర పాసుల్లో కొన్ని జట్లు కట్ బ్లాక్ కూడా చేస్తాయి, ఎదుటివాడి తొడల దగ్గరికి వంగి దూకుతారు. కాళ్లు కాపాడుకోవడానికి అతను చేతులు కిందకి దించక తప్పదు, ఆ క్షణంలో బంతి పైనుంచి వెళ్లిపోతుంది. రీప్లేలో కొట్టినవాడి ఛాతీ మీద ఎవరి చెయ్యీ లేకపోతే తప్పు సొంత లైన్‌లో ఆడే గార్డ్‌దో, టాకిల్‌దో, సెంటర్‌దో అని ధైర్యంగా చెప్పొచ్చు.

అందులో లోపలి ఒత్తిడి మరీ ప్రమాదం. గార్డ్‌ని రెండు మూడు యార్డులు వెనక్కి తోసుకొచ్చేశాడంటే లైన్‌మన్ క్వార్టర్‌బ్యాక్‌కి అంత దగ్గరైనట్టు, బంతి పైకి లేవడానికి దూరం మిగలదు. సూపర్ బౌల్ 54 నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ, 2020 ఫిబ్రవరి 2న జరిగింది. కాన్సస్ సిటీ డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ లైన్ మధ్యలో ఆడేవాడు) క్రిస్ జోన్స్, 6 అడుగుల 6 అంగుళాల మనిషి, ఆ ఒక్క ఆటలో శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరోపొలో పాసులు మూడు కొట్టి పడేశాడు. గరోపొలో ఏమీ పొట్టివాడు కాదు, 6 అడుగుల 2 అంగుళాలు. నాలుగో క్వార్టర్లో 20-10తో ముందున్న శాన్ ఫ్రాన్సిస్కో చివరికి 31-20తో ఓడిపోయింది. స్కోరు పట్టికలో శాక్‌లకి ఉన్నంత గౌరవం ఇలాంటి వాటికి ఉండదు, ఉండాలని నా గట్టి అభిప్రాయం.

శాక్ చేయలేనివాళ్లే చేతులెత్తుతారని కూడా అనుకోవద్దు. హ్యూస్టన్ డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ లైన్ చివర ఆడేవాడు) జె.జె. వాట్ 2012 సీజన్‌లో 20.5 శాక్‌లు చేశాడు, అదే సీజన్‌లో 16 పాసులు అడ్డుకున్నాడు, ఏ ఆటలో ఎప్పుడు పరిగెత్తాలో ఎప్పుడు ఆగాలో అంత బాగా తెలుసు అతనికి. అంతకుముందు 2012 జనవరి 7న సిన్సినాటితో ప్లేఆఫ్ ఆటలో, ఫస్ట్ హాఫ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా, ఆండీ డాల్టన్ విసిరిన బంతిని లైన్ దగ్గరే ఎగిరి పట్టుకుని 29 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతితో గోల్ లైన్ చేరడం) చేశాడు. హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు చరిత్రలో మొదటి ప్లేఆఫ్ విజయం అది. ఆ రీప్లే వెతికి చూడండి, డాల్టన్ చెయ్యి కదులుతుండగానే వాట్ చేతులు పైకి లేస్తుంటాయి.

చివరగా చెయ్యి కోణం. కొంతమంది బంతిని చెవి పక్కనుంచి పైకి విసురుతారు, కొంతమంది భుజం ఎత్తులోంచి పక్కగా విసురుతారు. క్వార్టర్‌బ్యాక్ ఫిలిప్ రివర్స్ 6 అడుగుల 5 అంగుళాలు ఉన్నా అతని బంతి బయటికొచ్చేది కిందనుంచే, అంటే ఆ ఎత్తులో కొంత అక్కడే పోయినట్టు. అయితే పక్కనుంచి విసరడం తప్పని అనుకోకూడదు. ప్యాట్రిక్ మహోమ్స్, మాథ్యూ స్టాఫర్డ్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌లు కావాలనే చెయ్యి దించి, ఎత్తిన చేతుల పక్కనుంచి బంతి పంపిస్తారు. తేడా ఏమిటంటే వాళ్లు ఎదుటి చెయ్యి చూసి ఆ కోణం ఎంచుకుంటారు, ఎప్పుడూ అదే కోణం అయితే ఎదుటివాడు దానికి అలవాటు పడిపోతాడు. ఆర్‌పీఓ ఆటల్లో (పరుగా, పాసా అని క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునేవి) కూడా ఈ ఇబ్బంది కనపడుతుంది. బంతి రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) పొట్ట దగ్గర పెట్టి, చివరి క్షణంలో లాగి, కాళ్లు సరిగ్గా కుదురుకోకుండానే విసరాలి, కాబట్టి బంతి చదునుగా వెళ్తుంది. పైగా ఎవరూ బ్లాక్ చేయకుండా వదిలేసిన డిఫెన్సివ్ ఎండ్ ఒకడు సరిగ్గా ఆ దారిలోనే నిలబడి ఉండొచ్చు.

ఇప్పుడు ఆడేవాళ్ల సంగతి. మీ అబ్బాయి హైస్కూల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ అయి, పాసులు లైన్ దగ్గర తగులుతున్నాయని దిగులుపడుతుంటే, దయచేసి ముందు ఎత్తు గురించి మాట్లాడకండి, అతను మార్చుకోగలిగింది కాదు అది. ఫోన్‌తో అతని వెనకనుంచి వీడియో తీయండి. ముందు కాలు ఎంత దూరం వేస్తున్నాడో చూడండి. బలంగా విసరాలని మరీ పెద్ద అడుగు వేస్తే శరీరం మొత్తం కిందకి దిగుతుంది, దాంతో బంతి బయటికొచ్చే ఎత్తు కూడా తగ్గుతుంది. అడుగు చిన్నదైతే నిటారుగా ఉంటాడు, ఖర్చు లేకుండా కొన్ని అంగుళాలు వచ్చినట్టే.

తర్వాత పక్కకి జరగడం నేర్పించాలి. పాకెట్లో అర అడుగు, ఒక అడుగు ఎడమకో కుడికో జరిగితే మూసుకున్న సందు తెరుచుకుంటుంది. మరీ ఎక్కువ జరిగితే బ్లాకర్లకి లెక్క తప్పుతుంది, కాబట్టి చిన్న అడుగులు, రెండు కాళ్లూ నేల దగ్గరగా, బంతి ఛాతీ ఎత్తులో, ఏ క్షణమైనా విసరడానికి సిద్ధంగా. దీనికి ప్రాక్టీసులో చీపుర్లు వాడతారు, పొడుగు కర్ర చీపురు పట్టుకుని నలుగురు లైన్‌మెన్ ఉండే చోట నిలబడి, ఒకరి తర్వాత ఒకరు చెప్పకుండా పైకెత్తుతుంటే క్వార్టర్‌బ్యాక్ ఖాళీ సందు చూసి విసరాలి. ఇంటి వెనక కూడా చేయొచ్చు, ఇద్దరు పెద్దవాళ్లుంటే చాలు. చీపురు ఎత్తేవాళ్లు అతని రెండో చెయ్యి బంతిని వదిలిన క్షణం చూసి ఎత్తాలి, ముందే ఎత్తి పెట్టుకుంటే ప్రయోజనం లేదు.

పంప్ ఫేక్ కూడా మంచి ఆయుధం. విసురుతున్నట్టు చెయ్యి కదిపి ఆపితే ఎదుటివాడు ఎగిరిపోతాడు, అతను దిగేలోపు బంతి పంపాలి. కానీ ఇది సమయం ఉన్న పాసుల్లోనే, స్లాంట్ వేస్తూ పంప్ ఫేక్ చేస్తే రిసీవర్ దాటిపోతాడు. ఒక యార్డు వెనక్కి నిలబడటం ఇంకో మార్గం, బంతి పైకి లేవడానికి ఆ దూరం సాయపడుతుంది, బదులుగా పాస్ కాస్త ఆలస్యమవుతుంది. వరసగా రెండు మూడు తగిలాయంటే మాత్రం కోచ్ బూట్‌లెగ్‌లు, రోలవుట్‌లు (క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తి విసిరే ఆటలు) ఎంచుకుని క్వార్టర్‌బ్యాక్‌ని ఆ చేతుల ముందు నుంచి పక్కకి తీసుకెళ్లాలి, లేదా లోపలి స్లాంట్‌లు తగ్గించి బయటివైపు పాసులు వేయాలి.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడేయడం బదులు నడుముకి కట్టిన పట్టీ లాగే ఆట) ఆడే చిన్నపిల్లలకి లెక్క వేరు. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా, ఎక్కడున్నా మనవాళ్ల పిల్లలు ముందు ఆడేది చాలావరకు ఇదే, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. ఎన్ఎఫ్ఎల్ ఫ్లాగ్ నిబంధనల్లో రష్ చేసేవాడు లైన్‌కి 7 యార్డుల వెనకనుంచి మొదలుపెట్టాలి, అడ్డంగా లైన్‌మెన్ ఉండరు. కాబట్టి అక్కడ భయపడాల్సింది ఎదురుగా ఎగిరి వచ్చే ఆ ఒక్కడి చేతులకే, అతను వచ్చే వైపు కాకుండా రెండోవైపుకి ఒకడుగు జరిగి విసరడం అలవాటు చేస్తే చాలు.

బంతి తగిలాక ఏం చేయాలో కూడా తెలిసుండాలి, ఇక్కడ చాలామంది తికమకపడతారు. చెయ్యి ముందుకి కదలకముందే బంతి ఊడిపోతే అది ఫంబుల్, ఆట నడుస్తూనే ఉంటుంది. చెయ్యి ముందుకి వెళ్తుండగా పోయినా, గాల్లో చెయ్యి తగిలి నేల మీద పడినా ఇన్‌కంప్లీట్ (పూర్తికాని) పాస్. డిఫెన్స్ ఆటగాడి చెయ్యి తగిలిన బంతిని ఆ తర్వాత ఎవరైనా పట్టుకోవచ్చు, బరువైన గార్డ్ అయినా సరే, క్వార్టర్‌బ్యాక్ అయినా సరే. ఆ తగిలిన తర్వాత పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి పట్టుకోబోయేవాడిని అడ్డుకున్న ఫౌల్) కూడా ఉండదు. క్వార్టర్‌బ్యాక్ తన బంతి తానే పట్టుకుంటే పరిగెత్తొచ్చు, మళ్లీ ముందుకి విసిరితే మాత్రం ఫౌల్. 1997లో మిన్నెసోటా క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్ జాన్సన్ అలా తన పాస్ తానే పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. 2018 జనవరి 6న కాన్సస్ సిటీతో ప్లేఆఫ్‌లో టెన్నెసీ క్వార్టర్‌బ్యాక్ మార్కస్ మారియోటా కూడా, ఎదుటి జట్టు ఆటగాడు డారెల్ రెవిస్ చెయ్యి తగిలి తిరిగొచ్చిన బంతి అందుకుని గోల్ లైన్ మీదుగా దూకాడు. హాఫ్ టైమ్‌కి 21-3తో వెనకబడిన టెన్నెసీ ఆ ఆట 22-21తో గెలిచింది.

కానీ ఆ రెండూ చూసి పట్టుకోవడమే మంచిదని పిల్లలకి నేర్పకండి. బ్రెట్ ఫావ్ర్ ఎన్ఎఫ్ఎల్‌లో పూర్తి చేసిన మొట్టమొదటి పాస్ 1992లో టాంపా బే మీద, అలా తగిలి వెనక్కొచ్చిన బంతిని తానే పట్టుకున్నాడు, ఫలితం 7 యార్డుల నష్టం. ముందు ఖాళీ లేకపోతే తిరిగొచ్చిన బంతిని రెండు చేతులతో నేలకి కొట్టేయాలి, డౌన్ (ముందుకెళ్లడానికి ఇచ్చే అవకాశం) ఒకటి పోతుంది అంతే, యార్డులు పోవు, ఎదుటివాడి చేతిలోనూ పడదు.